నాలుగు పాయింట్ రెండు దగ్గర ఆగే అధికారం

తనంతట తాను ఆగిపోయే వస్తువును ఏ ప్రభుత్వ విభాగమూ నమ్మదు. నమ్మితే రేపు ఫైళ్లు కూడా తమంతట తామే కదలడం మొదలుపెడతాయి.

ఈ సత్యం హుజూరాబాద్‌లో సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం నడిపే నవతకు తెలియదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ మాత్రమే చదివింది, పాపం.

పక్కింటి సాయవ్వకు ఉచిత శిబిరంలో వినికిడి మిషన్ ఇచ్చారు. జేబులో పట్టే డబ్బా, చెవికో వైరు. రెండు నెలలకే ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. అప్పటినుంచి చర్చిలో అందరూ పాట ముగించి కూర్చున్నాక సాయవ్వ ఒక్కతే నిలబడి మూడో చరణం పాడుతోంది. సంఘం సహించింది. సాయవ్వ సహించలేనిది ఒక్కటే, నాలుగేళ్ల మనవరాలు ఏంజెల్ చెప్పే రహస్యాలు వినబడకపోవడం.

"గీ పొల్ల చెవుల గుసగుస పెడ్తది బిడ్డా. ఊపిరి తాకుతది గని మాట తాకదు" అంది నవతతో.

ఆ మాట పట్టుకొని నవత రెండు వారాలు కూర్చొని కొత్త ఛార్జింగ్ సర్క్యూట్ తయారుచేసింది. అది లిథియం బ్యాటరీకి మొదట కరెంటు నిలకడగా ఇస్తుంది. వోల్టేజి నాలుగు పాయింట్ రెండుకు చేరగానే అక్కడే పట్టి ఉంచి, కరెంటు మెల్లగా తగ్గాక ఆపేస్తుంది. వేడెక్కితే ఇంకా ముందే ఆపుతుంది.

కాని డబ్బా మీద "ప్రభుత్వ సొత్తు, అనుమతి లేక విప్పరాదు" అని ఉంది. అందుకని ఇద్దరూ బస్సెక్కి కరీంనగర్‌లోని ఉచిత ఉపకరణాల మార్పుల పరిశీలన విభాగానికి వెళ్లారు. (ఉపకరణాలు ఇచ్చే విభాగం మూతపడింది. పరిశీలించేది మాత్రం దినదినాభివృద్ధి చెందుతోంది.)

సూపరింటెండెంట్ ఓంప్రకాశ్ గారు సర్క్యూట్ బొమ్మను మూడుసార్లు చూశారు.

"ఆఖర్ల కరెంటు ఎందుకు తగ్గుతదమ్మా?"

"నిండుతుంటది గద సార్. మొదటి తీరుగనే ఎక్కిస్తె ఉబ్బుతది, అంటుకుంటది."

"మార్చి నెలల మేం నిధులన్ని గట్లనే ఎక్కిస్తం. ఎన్నడన్న అంటుకున్నమా?"

నవత బొమ్మను తన వైపుకు తిప్పుకొని మళ్లీ చూసుకుంది.

"సరే, నాలుగు పాయింట్ రెండు కాడ ఎవల్నడిగి ఆగుతది?"

"ఎవల్నడగది సార్. చిప్పే చూస్కుంటది."

చిప్పు హోదా ఏమిటని విచారించగా, దానికి ఏ హోదా లేదని తేలింది. నిబంధన 17(గ) ప్రకారం ప్రభుత్వ సొత్తులోకి వచ్చే దేనినైనా నిలిపివేసే అధికారం సూపరింటెండెంట్ స్థాయికి తగ్గని వారికే ఉంది. ఇక పైవారికి తెలియజేయకుండా "వేడెక్కింది" అనడం క్రమశిక్షణా రాహిత్యం.

"జర పరేషాన్ గాకు. ఒక మీట పెట్టు. నేను ఒత్తితెనే ఆగాలె" అన్నారు ఓంప్రకాశ్ గారు దయతో.

"ఏమంటుండు?" అంది సాయవ్వ.

"మీట పెట్టుమంటుండు, పెద్దమ్మా!" అని అరిచింది నవత.

"పీట ఎందుకు బిడ్డా? నేను నిలవడ్త."

సోమవారం నాడు నవత ఎర్రమీటతో, సాయవ్వను వెంటబెట్టుకొని మళ్లీ వచ్చింది. ఓంప్రకాశ్ గారు సిబ్బంది సమక్షంలో మిషన్‌ను ఛార్జింగ్‌కు పెట్టించి, మీట మీద వేలు పెట్టి, నలభై నిమిషాలు తీయకుండా ఒత్తారు. బ్యాటరీ నిండి ఎర్రలైటు ఆకుపచ్చగా మారగానే కార్యాలయమంతా చప్పట్లు కొట్టింది. సాయవ్వ చెవిలో వైరు పెట్టి, "వినవడుతుందా?" అని అడిగి, "మస్తు" అన్న జవాబును రాసుకొని, అనుమతి పత్రం మీద ముద్ర వేశారు. (మీట వెనుక వైరేమీ లేదు. దరఖాస్తులో ఆ ప్రశ్నకు గడి లేదు.)

ఆ సాయంత్రం ఏంజెల్ వచ్చి నానమ్మ మెడ పట్టుకొని గుసగుసలాడింది.

"నానమ్మా, నీ కండ్లద్దాలు నేనే పలగ్గొట్టిన."

సాయవ్వ గుడ్ల నిండా నీళ్లు పెట్టుకొని పకపకా నవ్వింది. "నవతా, వినవడ్డదే! ఇంకేమేం పలగ్గొట్టినవ్ బిడ్డా? అన్ని చెప్పు!"

మూడు వారాల తర్వాత విభాగం గుమాస్తా సదానందం నోటీసు తెచ్చాడు. పరీక్షలో లబ్ధిదారుకు చక్కగా వినబడినందున వినికిడి యంత్రం అనవసరమని, వెంటనే తిరిగి అప్పగించవలెనని అందులో ఉంది. నోటీసును లబ్ధిదారుకు చదివి వినిపించడం తప్పనిసరి.

మొదటి వాక్యం దగ్గరే సాయవ్వ రొంటిలో చెయ్యి పెట్టి మిషన్ కట్టేసింది.

"జర గట్టిగ సదువు బిడ్డా."

సదానందం నాలుగుసార్లు చదివాడు. వాడకట్టంతా విన్నది, సాయవ్వ తప్ప. చివరికి గొంతు పోయి, "నోటీసు వినిపించబడినది, లబ్ధిదారుకు వినబడలేదు" అని రాసుకొని వెళ్లిపోయాడు.

వినబడుతోందన్న కాగితాన్నీ, వినబడడం లేదన్న కాగితాన్నీ విభాగం ఒకే ఫైలులో పెట్టి, రెండింటి మీదా "సరిచూడబడినది" అని ముద్ర వేసింది.