కారణం గడి

ఊరి నడిబొడ్డున ఉన్న పాత రైల్వే స్టేషనుకు చరిత్ర ఉన్నదని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకు ముందురోజు దాకా దానికి పావురాలు మాత్రమే ఉండేవి.

వెంటనే ఏడుగురు పెద్దలతో చరిత్ర సంఘం వెలిసింది. ఏడుగురిలో ఒక్కరైనా అక్కడ రైలెక్కి ఎరుగరు కనుక పక్షపాతానికి తావు లేదు. అధ్యక్షుడు బట్టల వ్యాపారి. ఒకప్పుడు పట్టాలున్న చోటనే ఇప్పుడాయన నాలుగంతస్తుల దుకాణం నిలబడి ఉంది. స్టేషనును ఆయన కన్నా దగ్గరగా ఎరిగినవారు ఇంకెవరుంటారు?

రాసిన చరిత్రను స్టేషనులో పెట్టిన ప్రదర్శనశాల ప్రారంభోత్సవంలో చదవడానికి మైకమ్మను పిలిచారు. టికెట్ల గది మీది చిన్న గదిలో కూర్చుని, ఇరవై ఏళ్ళు బండ్ల రాకపోకలు మైకులో చెప్పిన మనిషి ఆమె. ఆ గొంతు ఊరంతా విన్నది. ఆమె ఏం చెప్పిందో మాత్రం ఎవరూ వినలేదు. ప్రకటన ముగియగానే కిటికీ కిందికి వచ్చి, "అమ్మా, బండి ఎప్పుడొస్తుంది?" అని అడిగేవారు.

ఆమె ఒప్పుకున్నది భర్త కోసం. ఆయన అదే స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్.

స్టేషన్ మాస్టరు గదిలో ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేది. బండి, ఆలస్యం, కారణం అని మూడు గళ్ళు. మూడో గడి నింపేటప్పుడు ఎవరి పేరు రాయబోయినా వారు ఒంటికాలి మీద లేచేవారు. అందుచేత స్టేషను పెద్దలు చక్కని పద్ధతి కనిపెట్టారు. ఆ రోజు పనికి రానివారి పేరు రాసేవారు. లేని మనిషి వాదించడు కదా! ఒకసారి మాత్రం అందరూ పనికి వచ్చారు, బండి ఆలస్యమైంది. మూడు రోజులు గడి ఖాళీగా ఉండి అందరికీ నిద్ర పట్టలేదు. నాలుగోనాడు ఒక కూలీకి జ్వరం వచ్చి గండం గడిచింది.

మైకమ్మ కాన్పు నొప్పులతో ఆసుపత్రిలో ఉన్న రోజున పాయింట్స్‌మన్ సెలవు చీటీ రాసి, మాస్టరు చేత సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. ఆయన బదులు మాస్టరుగారి బావమరిది పట్టాలు మార్చే మీట లాగాడు. అంతవరకు ఆయన గొడుగు పిడి తప్ప ఏ మీటా పట్టి ఎరుగడు. గూడ్సు బండి పక్క పట్టా ఎక్కి పార్సిలు ఆఫీసు గోడ కూల్చింది. కారణం గడిలో పాయింట్స్‌మన్ పేరు పడింది. మైకమ్మ కూడా ఆ రోజు రాలేదు గాని, ఒక గడిలో రెండు పేర్లు పట్టవు.

ఆయన ఉద్యోగం ఊడింది. "ఆ రోజు నేను అక్కడ లేనే లేనండీ" అని బతికినన్నాళ్ళూ కనిపించినవాళ్ళకల్లా చెప్పుకున్నాడు. పోయేనాటికి ఆ సెలవు చీటీ తలగడ కింద ఉంది.

సంఘం రాసిన చరిత్రలో, "ఈ మహోన్నత స్టేషను పతనానికి నాంది ఒక పాయింట్స్‌మన్ నిర్లక్ష్యం" అని ఉంది. చీటీ పట్టుకుని ఆమె అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "ఆయన ఆ రోజు రాలేదనే కదమ్మా ఇందులో ఉంది? మేమూ అదే అంటున్నాం. ఆయనుంటే బండి పక్క పట్టా ఎక్కేదా?"

"సెలవిచ్చింది మాస్టరుగారే కదా బాబూ. మీట లాగిందెవరో అది రాయండి."

"మీట లాగినాయన కొడుకు మన సంఘం కార్యదర్శి. రోజూ ఎదురుగా కూర్చుంటాడు, ఎట్లా రాస్తాం? మీ ఆయనంటే, పాపం, వచ్చి అడిగే మనిషి కాదు."

ప్రారంభోత్సవం దిగ్విజయంగా జరిగింది. "చరిత్ర లేని స్థలంలో వ్యాపారం సాగదు" అని అధ్యక్షుడు గంటసేపు ప్రసంగించాడు. తరువాత మైకమ్మ చదివింది. పాయింట్స్‌మన్ వాక్యం రాగానే కాగితం మడిచి పక్కన పెట్టింది.

"దయచేసి వినండి. ఆ రోజు పాయింట్స్‌మన్ సెలవులో ఉన్నారు. మీట లాగినది మాస్టరుగారి బావమరిది. స్టేషను మూసింది నిర్లక్ష్యం వల్ల కాదు, బట్టల దుకాణానికి ఈ స్థలం కావలసి వచ్చింది. ఈ సమాచారం నలభై సంవత్సరాలు ఆలస్యంగా అందినందుకు చింతిస్తున్నాము."

నియమం ప్రకారం రెండుసార్లు చెప్పింది.

చప్పట్లు మారుమోగాయి. ముందు వరసలోని దంపతులు వచ్చి, "ఎంత బాగా చెప్పారమ్మా! ఇంతకీ కార్లు పెట్టేది ఎటు?" అని అడిగారు. ఆమె చెయ్యి చూపించింది.

సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ప్రదర్శనకు పెట్టిన ఎర్ర అట్ట పుస్తకాన్ని అద్దాల పెట్టెలోంచి తీశారు. కాగితాలు ఇంకా మిగిలే ఉన్నాయి. సభలో జరిగిన అపశ్రుతికి కారణం రాయాలి. ఏడుగురూ హాజరు. మైకు బిగించినవాడు వైర్లు చుట్టుకుంటూ అక్కడే ఉన్నాడు. మైకమ్మ కూడా ఇంకా ఇంటికి వెళ్ళలేదు.

"పాయింట్స్‌మన్ ఇవాళ కూడా రాలేదు కదా!" అన్నాడు కార్యదర్శి, కలం తీస్తూ.

"రాయండి చూద్దాం" అంది మైకమ్మ. సెలవు చీటీని కారణం గడి మీద పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించింది. "ఆయన తరఫున నేనొచ్చాను."

ఆ చెయ్యి తీయించడం ఎవరి వల్లా కాలేదు. పేజీ తిప్పారు. కొత్త పేజీలో, ఆ సభకు రానివారు ఎవరెవరని ఆలోచించి ఒక పేరు రాశారు. అందరికీ సమ్మతమైంది. వాదించడానికి ఆ మనిషి అక్కడ లేరు.

ఆ రోజు మీరు వెళ్ళారా? వెళ్ళకపోతే ఒకసారి స్టేషను దాకా వెళ్ళి చూసుకోండి. పుస్తకం అద్దాల పెట్టెలో ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంది.