జైలూ తప్పించుకున్న గొర్రెపిల్ల

వేసవిలో మందలు మేసే కొండమీది పచ్చికను మేం కిర్గిజ్ వాళ్లం జైలూ అంటాం. ఆ మాట మీ చెవికి ఎలా వినబడిందో నాకూ అచ్చం అలాగే ఉండేది. పొయ్యి పక్కన పరుపు వదిలేసి గుడారంలో చలికి వణకడం నావల్ల కాదు.

అందుకని ఈసారి ఒక ఎత్తు వేశాను.

"గడ్డిలో ఏం బలముంది? కొట్టంలో కట్టేసి బార్లీ, దాణా పెడితే గొర్రెపిల్ల దుక్కలా తయారవుతుంది. ఇంటిదగ్గరే ఉండి ఒకదాన్ని పెంచి చూపిస్తా," అన్నాను మా ఆవిడ బూరుల్‌తో.

"నువ్వూ అదీ, ఎవరు ముందు లావెక్కుతారో."

"పందెం."

"సరే. దాని కవలను నేను కొండమీద మేపుతా. చలికాలం ముందు వియ్యంకుడొస్తాడుగా, ఏది బలిస్తే దాన్ని ఆయనకు కోద్దాం. ఓడినవాళ్లు వచ్చే ఏడు మందతో జైలూకి."

ఒప్పుకున్నాను. తను నవ్వింది. ఆ నవ్వు దగ్గరే అనుమానపడాల్సింది.

బూరుల్ కొండెక్కింది. మాట్లాడే దిక్కులేక గొర్రెపిల్లతోనే కబుర్లు మొదలెట్టాను. సెమిజ్‌బై అని పేరు పెట్టాను, అంటే బొద్దుదొర. బకెట్టు చప్పుడైతే చాలు, దొరగారు ఇంట్లోకొచ్చేసేవాడు. ఒకరోజు మా ఆవిడ పుట్టింటి ఉన్ని తివాచీ అంచు నమిలేశాడు. తిప్పి పరిచేశాను.

చలి మొదలవుతూనే బూరుల్ మందను కిందికి దించింది, వెనకే వియ్యంకుడు షార్షెన్ వచ్చాడు. మా దగ్గర కోయబోయే గొర్రెను అతిథి ముందు నిలబెడతారు. ఆయన అరచేతులు చాచి దీవించాడంటే ఇక మార్చకూడదు. కవలలు రెంటినీ నిలబెట్టాం. ఆయన చూపు తిన్నగా సెమిజ్‌బై తోకమీద పడింది. మా గొర్రెలకు కొవ్వంతా తోకలోనే, వాడిది దిండంత ఉంది మరి. చేతులు లేచాయి.

నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఆగండి బావగారూ. అది ఒట్టి నీటి ఒళ్లు. దాణా తిన్నదానికి రుచుండదు. కొండగడ్డి మేసిందే గొర్రె."

"గడ్డిలో బలమేదన్నావుగా," అంది బూరుల్.

"తెలియక అన్నాను."

"అయితే ఓడిపోయినట్టేనా?"

సెమిజ్‌బై నా జేబులో మూతి పెట్టి బార్లీ వెతుక్కుంటున్నాడు.

"ఓడిపోయినట్టే," అన్నాను.

వియ్యంకుడు కొండమీద మేసిన గొర్రెపిల్లను దీవించాడు. మాంసం నిజంగానే బాగుంది, అదే నాకు ఇంకా కడుపుమంట.

"ముసలి కోడిని కోయలేక చచ్చేదాకా మేపినవాడివి. చేత్తో పెంచినదాన్ని కోస్తావా?" అంది బూరుల్, నా పళ్లెంలో ఇంకో ముక్క వేస్తూ. "తివాచీ కూడా చూశాలే. కొండకి అదే పట్టుకెళ్లు, ఇద్దరూ దానిమీదే పడుకోండి."

ఈ మాటలు మీకు జైలూలో కూర్చునే చెబుతున్నాను. శిక్ష పడింది ఒకడికి, లోపల ఉన్నది ఇద్దరం. సెమిజ్‌బై కొండగడ్డి ముట్టడు. వాడి బార్లీ బస్తా కూడా నేనే మోసుకొచ్చాను.