పరస్థానం పెట్టె

కామేశం పంచాంగం తెరిచాడంటే ఆ ఇంట్లో ఏదో ఒకటి జరిగి తీరుతుంది. చోడవరం జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే మనిషే, అయినా చెప్పులు కొనాలన్నా వర్జ్యం చూస్తాడు. ఆ రోజు ప్రయాణం ఆయనది కాదు, భార్య లక్ష్మీసుందరిది. బ్యాంకులో రెండుసార్లు వద్దనుకున్న ప్రమోషన్‌ని ఆవిడ మూడోసారి పుచ్చుకుంది. పోస్టింగు భువనేశ్వర్‌లో. మర్నాడు పదింటికల్లా ఆర్డరు కాగితంతో అక్కడ హాజరు కాకపోతే ఆ కుర్చీ ఇంకొకరిదైపోతుంది. అనకాపల్లిలో సాయంత్రం రైలు.

"సాయంత్రం వర్జ్యం ఉంది సుందరీ. మంచి ఘడియ పొద్దున్నే. పరస్థానం ఎట్టేద్దాం" అన్నాడు కామేశం.

మంచి వేళకి మనిషి బయల్దేరలేకపోతే పెట్టెనైనా బయల్దేరదీసి ఇంకొకరి ఇంట్లో ఉంచడమే పరస్థానం. ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఒకటే షరతు. గడప దాటిన పెట్టె ముందుకే వెళ్ళాలి గానీ వెనక్కి రాకూడదు.

పెట్టె ఎదురింటి గణపతిరావు గారి వసారాలోకి చేరింది. ఆర్డరు కాగితం అందులోనే ఉంది. దంపతులిద్దరూ కాఫీకి కూర్చున్నారు.

"అక్కడికెళ్ళేక నీకేటి గుర్తొస్తాది?" అని అడిగాడు కామేశం, ఏమీ ఎరగనట్టు.

"ఏటేటో గుర్తొస్తాయి. నా తలగడ. మాడుగుల హల్వా. డాబా మీద ఆరిన బట్టల వాసన. ఎదురింటి కనకదుర్గొదిన కేకలు."

"ఇంకా?"

లక్ష్మీసుందరి బాగా ఆలోచించింది. "మన పెరట్లో కుళాయి. తిప్పితే ముందు దగ్గి, అప్పుడు నీళ్ళిస్తాది."

కామేశం కాఫీ చల్లారిపోయింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసినవాడికి కుళాయికున్న పాటి విలువ లేకపోయింది! ఒక్కసారి తన పేరు చెబితే ఏం పోయింది? పైకి అనలేదు గానీ టిఫిను సగంలో వదిలేశాడు.

మధ్యాహ్నం లక్ష్మీసుందరికి గుర్తొచ్చింది. "ఆర్డరు జిరాక్సు తియ్యలేదండీ. ఓసారి ఆ కాగితం తెచ్చీండి."

కామేశం వెళ్ళి చూస్తే ఎదురింటికి తాళం. వెంటనే ఫోన్ చేశాడు.

"మేం కె.కోటపాడులో భోజనాలకొచ్చేం మాస్టారూ" అన్నాడు గణపతిరావు. "పెట్టె ఇంట్లో లేదు. పరస్థానం పెట్టెని లోపలుంచి తాళం వేస్తే ప్రయాణానికే తాళం వేసినట్టు కదా! బజార్లో శివాజీ కొట్లో ఎట్టేసేను. అది స్టేషన్ దారే కదా. నాలుగడుగులు ముందుకెళ్ళినట్టుంటాది."

ఆ గొంతులో ఎంత తృప్తి ఉందంటే, కామేశానికి తిట్టడానికి నోరు రాలేదు. భార్యాభర్తలు స్కూటరెక్కి బజారుకి పరిగెత్తారు. శివాజీది ఎరువుల కొట్టు.

"శుభమా అని ఎల్లే పెట్టెని యూరియా బస్తాల మీద ఎలాగెడతాం సార్? మా పెదబాబు బెల్లం వ్యానేసుకుని అనకాపల్లి ఎల్తంటే ఎక్కించేసేను. ఇంకా ముందుకెల్లిపోద్ది!" అన్నాడు శివాజీ, మెచ్చుకుంటారేమోనని చూస్తూ.

పెదబాబు ఫోనెత్తడం లేదు. మళ్ళీ ఇంటికెళ్ళే వ్యవధి కూడా లేదు. రైలు టికెట్టున్న చేతిసంచీ ఒకటే లక్ష్మీసుందరి భుజాన ఉంది. స్కూటరు అనకాపల్లి దారి పట్టింది. వెంకన్నపాలెం దాటాక ఆవిడ నోరు విప్పింది. విప్పాక ఆగలేదు.

"నిజం సెప్పండి. నన్ను ఆపడానికే కదా ఈ నాటకం?"

"నీ మీదొట్టు సుందరీ!"

"రెండుసార్లు నాకు నేనే మానుకున్నాను. మూడోసారి మీరు మాన్పించేస్తన్నారు. అంతే కదా?"

కామేశానికి కళ్ళు చెమర్చాయి. హెల్మెట్ ఉంది కాబట్టి పరువు దక్కింది. ఆపాలని ఆయనకి లేకపోలేదు. ఎన్నిసార్లు ఆ మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోయిందో! కానీ పెట్టెని పోగొట్టి పెళ్ళాన్ని ఆపేటంత తెలివి ఆయన వంశంలోనే లేదు.

అనకాపల్లి స్టేషన్ ముందు స్కూటరు ఆపుతుంటే పెదబాబే ఫోన్ చేశాడు.

"పెట్టె నా పక్క సీట్లోనే ఉంది సార్, మారాజులాగ కూకుంది. లోడు దింపేసి వైజాగ్ ఎల్తన్నాను. కూర్మన్నపాలెం దాటేసేను."

"వైజాగెందుకురా బాబూ!"

"ముందుకే ఎల్లాలన్నాడు కదా మా శివాజీ! ఎనక్కి తెత్తే మీకే మంచిది కాదు."

ఇక చేసేదేముంది? వైజాగ్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీదే నిలబడమని కామేశం బతిమాలుకున్నాడు. ఇంతలో రైలొచ్చే వేళైంది.

"మీరూ ఎక్కండి. వైజాగ్‌లో ఆ పెట్టె నా చేతికిచ్చేక దిగుదురు గాని" అంది లక్ష్మీసుందరి. కామేశం స్కూటరు స్టాండులో పడేసి, వైజాగ్ దాకా టికెట్టు కొని ఎక్కాడు.

పెదబాబు మాట మీద నిలబడ్డాడు. వైజాగ్ ప్లాట్‌ఫారం మీద పెట్టెని నెత్తిన పెట్టుకుని నవ్వుతూ కనిపించాడు. పెట్టె పైనంతా బెల్లం మరకలు, మరకల మీద చీమలు. లక్ష్మీసుందరి గబగబా తెరిచి చూసింది. ఆర్డరు కాగితం భద్రంగా ఉంది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

కామేశం చీమల్ని దులిపి, పెట్టెని బెర్తు కిందకి నెట్టి, చెమట తుడుచుకున్నాడు. "మరి దిగుతాను. నీ కుళాయిని జాగ్రత్తగా సూసుకుంటాన్లే."

లక్ష్మీసుందరి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

"కూర్చోండి ఓ నిమిషం. పొద్దున్న మీ పేరెందుకు సెప్పలేదో తెలుసా? తలగడ పేరు సెప్పి రైలెక్కగలను. కుళాయి పేరు సెప్పీ ఎక్కగలను. మీ పేరు నోటంట వస్తే ఎక్కలేను. ఆ రెండుసార్లూ ఎందుకు మానేసేననుకున్నారు?"

పొద్దుట్నించీ ఒక్క ముక్క కోసం కాచుకున్న మనిషికి ఇంత ఒక్కసారే వచ్చి పడేసరికి ఉక్కిరిబిక్కిరైపోయాడు. సంతోషం పట్టలేక భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"మళ్ళీ ఓసారి సెప్పు."

లక్ష్మీసుందరి మళ్ళీ మొదట్నించి చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. రైలు కదిలిన సంగతి ఇద్దరికీ తెలియలేదు. కిటికీ వెంట "సారూ, సారూ!" అంటూ కొంత దూరం పరిగెత్తిన పెదబాబు, లోపలి వాలకం చూసి ఆగిపోయాడు. మనిషి కూడా ముందుకే వెళ్తున్నాడు కదా అని చెయ్యి ఊపి వెనక్కి తిరిగాడు.

కొత్తవలస దాటాక టీసీ వచ్చాడు. ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులతో, ఒళ్ళో హెల్మెట్‌తో, పెళ్ళికొడుకులా నవ్వుతూ కూర్చున్న కామేశాన్ని ఎగాదిగా చూశాడు.

"ఈయన టికెట్టు వైజాగ్‌తో అయిపోయింది. ఎవరమ్మా ఈయన?"

"లగేజీ అండి" అంది లక్ష్మీసుందరి.