అలమీన్‌లో నాలుగు బోర్లు

"జర్మన్లను ఎడారిలో మట్టికరిపించిన బ్రిటిషు ఎనిమిదో సైన్యానికి ఇన్నాళ్లూ సరైన చరిత్రకారుడు లేని లోటు నేటితో తీరింది" అని మా సిడ్నీ తెలుగువాళ్ల సంఘం అధ్యక్షులు ద్వారకానాథ్ గారు ప్రకటించారు. తీర్చింది కూడా ఆయనే. అది 1992 అక్టోబరు. ఒకపక్క ఈజిప్టు ఎడారిలో జరిగిన అలమీన్ యుద్ధానికి యాభై ఏళ్లు నిండాయి, ఇంకోపక్క చిన్ననీటిపారుదల మంత్రి కోటేశ్వరరావు గారు స్టడీ టూరు మీద దిగారు. ఇంత మంచి ముహూర్తం మళ్లీ రాదని ద్వారకానాథ్ గారు హడావుడిగా పుస్తకం అచ్చేయించారు. అట్ట మీద ట్యాంకు, ట్యాంకుకి ఆనుకుని ఆయన. ఇంత నిరాడంబరుణ్ణి నేనెక్కడా చూడలేదు.

సభ వెస్ట్‌మీడ్ దగ్గర మాజీ సైనికుల క్లబ్బులో. కుర్చీలు వేసే భాగ్యం నాకు దక్కింది. క్లబ్బు మేనేజరు జూడీ వచ్చి, రోజూ ఆరింటికి లైట్లు తగ్గిస్తామని, యుద్ధంలో పోయినవాళ్ల కోసం అందరూ ఒక నిమిషం మౌనంగా నిలబడతారని చెప్పింది.

"నో ప్రాబ్లెమ్, నో ప్రాబ్లెమ్! సమోసాలెక్కడ పెట్టుకోవాలి?" అన్నారు అధ్యక్షులు.

మా సంఘంలో ఎనిమిదో సైన్యంతో పనిచేసినవారు ఒక్కరే, బాపట్ల విలియం గారు. మద్రాసు సాపర్లనే ఇంజనీరింగు దళంలో ఉండి, ఇసుకలో పాతిన మందుపాతరలు ఏరేవారు. ఆయన మెల్లగా వేదిక దగ్గరికొచ్చారు.

"బాబూ, పుస్తకంలో మా రామచంద్ర ఉన్నాడా? నా పక్కనే మందుపాతర పేలి చనిపోయాడు. వాడికి సమాధైనా లేదయ్యా."

"స్పేస్ ప్రాబ్లెమ్ అంకుల్! నేను రాసింది హైలెవెల్ స్ట్రాటజీ. సెకండ్ ఎడిషన్‌లో చూద్దాం."

"పోనీ, రెండు నిమిషాలు మైకియ్యి. వాడి పేరు చెప్పి దిగిపోతా. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు."

"ష్యూర్ అంకుల్. మంత్రిగారి తర్వాత మీరే."

మంత్రిగారి తర్వాత అనే సమయం ఏ సభలోనూ రాదని విలియం గారికి తెలియదు. పాపం, ఆయన చూసింది యుద్ధాలే.

మంత్రిగారు పుస్తకం ఆవిష్కరించి మైకు పుచ్చుకున్నారు. "సైనికులు దాహంతో అల్లాడిపోయారంట! ఆ రోజుల్లో మా శాఖ లేకపోబట్టి గానీ, అలమీన్‌లో నాలుగు బోర్లు వేయించుంటే యుద్ధం వారంలో అయిపోయేది. ఇంకో వారంలో ఆ జర్మన్లు మన పార్టీలో చేరిపోయేవాళ్లు!"

చప్పట్లు మోగాయి. ఆయన బోర్ల లోతుల్లోకి దిగారు. ఆరయింది. లైట్లు తగ్గాయి.

"ఇక్కడా కరెంటు కోతేనా?" అన్నారు మంత్రిగారు, సొంతూరొచ్చినంత సంతోషంగా.

పక్క హాల్లో ముసలి ఆస్ట్రేలియన్లు బీరు గ్లాసులు కిందపెట్టి లేచారు. వాళ్లని చూసి మావాళ్లూ లేచారు. మంత్రిగారి కళ్లు చెమర్చాయి. చేతులు జోడించి, "కూర్చోండమ్మా, కూర్చోండి. నేను మీవాణ్ణే" అన్నారు. ఎవరూ కూర్చోలేదు.

"స్టాండింగ్ ఒవేషన్ సార్" అని ద్వారకానాథ్ గారు చెవిలో చెప్పారు.

ఆ నిశ్శబ్దంలో విలియం గారు సెల్యూట్ చేసి, గట్టిగా "రామచంద్ర!" అన్నారు.

లైట్లొచ్చాయి. "మంత్రిగారి కోసం అంతా లేచి నిలబడితే మధ్యలో ఆ అరుపేంటి అంకుల్? ఇక మీ టైమ్ అయిపోయినట్టే" అన్నారు అధ్యక్షులు.

పక్క హాల్లోంచి మార్క్ అనే ముసలాయన కర్ర ఊతంతో వచ్చాడు. కోటుకి పతకాలున్నాయి.

"అలమీన్?" అని విలియం గారిని అడిగాడు.

"అలమీన్."

"ఐ లెఫ్ట్ ఎ మేట్ దేర్ టూ" అంటూ చెయ్యి చాపాడు. విలియం గారు ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ద్వారకానాథ్ గారు అలాంటి ఘట్టాలను చేజారనిచ్చే మనిషి కాదు. మంత్రిగారిని తెచ్చి ఇద్దరి మధ్యా నిలబెట్టి, ఫొటోగ్రాఫర్ని కేకేశారు.

రెండో ముద్రణ ఇటీవలే వచ్చింది. మంత్రిగారి మీద కొత్త అధ్యాయం చేర్చారు. అట్ట మీద ఆ ఫొటోనే. మంత్రిగారి మోచేతి కింద నుంచి ముసలి చెయ్యి ఒకటి కనబడుతుంది. అది విలియం గారిది.