పాతాళ రాజూ, నర్సరీ అమ్మగారూ

శనివారం ఉదయం చంటి వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మ మొక్కలకు నీళ్లు పట్టడం ముగించేలోగా వీధి దాటి ఎదురుగా ఉన్న పుస్తకాల షాపుకు వెళ్లాలి. అక్కడ కొత్తగా వచ్చిన ఒక నవల కాపీలు పన్నెండున్నాయి, ఆ పన్నెండూ కొనెయ్యాలి. వెనక్కి వచ్చి, ఏమీ ఎరగనట్టు కుండీలకు పేర్ల చీటీలు గుచ్చుతూ కూర్చోవాలి. అంతా కలిపి అరగంట పని. ఆ అరగంట పనిని తలుచుకుని ఆమె రెండు రోజులుగా తిండి సరిగ్గా తినలేదు.

చంటి అంటే చిన్నపిల్ల అనుకునేరు. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. ఇంట్లో పిలుపు మారలేదు, అంతే. ఆ నవల రాసింది కూడా ఆమే. కలం పేరు పెట్టుకుంది గనుక ఆ సంగతి అచ్చువేసినవాళ్లకు, ఇంకొక్క మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. నవల పేరు ‘లిఫ్టులో పాతాళ రాజు’.

గ్రీకుల పురాణాల్లో ఒక కథ ఉంది. పంటల దేవతకు ఒక్కగానొక్క కూతురు. పాతాళ రాజు ఆ పిల్లను కిందికి తీసుకుపోయాడు. తల్లి దుఃఖంలో లోకమంతటా ఒక్క గింజ మొలవనివ్వలేదు. చివరికి రాజీ కుదిరింది, ఏడాదిలో ఆరు నెలలు అతని దగ్గర, ఆరు నెలలు తల్లి దగ్గర అని. చంటి దీన్ని ఈ కాలపు సరదా ప్రేమకథగా తిరగరాసింది. పాతాళాన్ని ఒక ఆఫీసు భవనంలో రెండో బేస్‌మెంట్‌గా మార్చింది. పాతాళ రాజు లిఫ్టు మెకానిక్ అయ్యాడు. ద్వారం దగ్గర కాపలా ఉండే మూడు తలల కుక్క కాస్తా, ఒకే ప్రశ్నను మూడుసార్లు అడిగే ముగ్గురు సెక్యూరిటీ గార్డులైంది. ఇంతవరకూ బాగానే ఉంది. పంటల దేవతను మొక్కల నర్సరీ యజమానురాలిగా చేసిందే, అక్కడ మునిగింది కొంప. చంటి వాళ్లమ్మ నడిపేది మొక్కల నర్సరీయే మరి!

పోనీ, మాటలైనా సొంతంగా కల్పించిందా? అదీ లేదు. అమ్మ రోజూ అనే మాటల్ని పొల్లుపోకుండా దించేసింది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. నవల్లో పాతాళ రాజు కూడా కల్పన కాదు. ఏడాది కిందట కుండీలు ఇవ్వడానికి ఒక ఆఫీసుకు వెళ్లినప్పుడు లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. నలభై నిమిషాలు చీకట్లో కూర్చున్న చంటిని బయటికి తీసినవాడే ఆ మెకానిక్. అప్పటి నుంచి అతన్ని ప్రేమిస్తోంది, అప్పటి నుంచి అమ్మకు చెప్పడానికి భయపడుతోంది. అమ్మ ఒక్కసారి వద్దంటే కాదనే ధైర్యం తనకు లేదని ఆమెకు తెలుసు. ఆ ఒక్క మాటతో అతను చేజారిపోతాడు. అమ్మ ఆ పుస్తకం తెరిస్తే రెండు గుట్లూ ఒకేసారి బయటపడతాయి.

అందుకని చంటి ఆ ఉదయం తనను ఎవరూ గుర్తుపట్టకూడదని గేటు పక్కన కొక్కేనికి వేలాడుతున్న వెడల్పాటి గడ్డి టోపీ పెట్టుకుంది, ఆకుపచ్చ రెయిన్‌కోటు తొడుక్కుంది. నోరు విప్పకుండా వేలితో చూపించి పన్నెండు కాపీలూ కొనేసింది. తెచ్చి ఎరువు బస్తాల వెనక దాచి, హమ్మయ్య అనుకుంది. ఆ టోపీ, ఆ కోటూ వీధి మొత్తానికీ ఎవరివో తెలుసు. ఇరవై ఏళ్లుగా వాటిని వేసుకుంటున్నది అమ్మ. భయంలో ఉన్న మనిషికి ఆ మాత్రం తట్టలేదు పాపం.

పదకొండింటికి పుస్తకాల షాపు ముందు బోర్డు వెలిసింది. ‘ఒక్క ఉదయంలో మొత్తం అమ్ముడైన నవల! సాయంత్రానికి మరో యాభై కాపీలు!’ దాన్ని చూసి చంటి గుండెల్లో రాయి పడింది. ఆ రాయి ఇంకా కుదురుకోకముందే షాపాయన రెండు చేతులూ జోడించుకుని నర్సరీలోకి వచ్చేశాడు.

"అమ్మగారూ! మీరు మా షాపు గుమ్మం తొక్కుతారని కలలో కూడా అనుకోలేదండీ. వచ్చీ రాగానే పన్నెండు కాపీలా!"

అమ్మ చేతిలో పైపు క్షణం పాటు ఆగింది. ఇక్కడ అమ్మ గురించి ఒక ముక్క చెప్పాలి. ‘నాకు తెలీదు’ అన్న మాట ఆమె నోట విన్నవాళ్లు లేరు. పేరు తెలియని మొక్క తెచ్చి చూపిస్తే అక్కడికక్కడే పేరు పెట్టే రకం.

"ఆఁ, కొన్నాను. అయితే ఏంటట?" అంది.

"చదివేశారన్నమాట!"

"చదవకుండా పన్నెండు కొంటారా ఎవరన్నా?"

"అయితే రేపు నాలుగింటికి మా షాపులో పాఠకుల మీటింగండీ. మీరు మాట్లాడి తీరాలి."

"మాట్లాడతాను. నాకేం భయమా?"

భయం ఆమెకు లేదు. ఉన్నదంతా ఎరువు బస్తాల వెనక నక్కి వింటున్న చంటికే ఉంది. షాపాయన గేటు దాటాడో లేదో పిలుపు వచ్చింది.

"చంటీ! అదేదో పుస్తకమట. సాయంత్రం కాపీలు రాగానే మొదటిది నాకు పట్టుకురా. రేపు నేను మాట్లాడాలి."

 చంటి షెడ్డులోకి దూరి మెకానిక్‌కు ఫోను చేసింది. "కొంప మునిగింది. రేపు అమ్మ నా నవల మీద ఉపన్యాసం ఇస్తుందట!"

"మంచిదేగా! నేనూ వస్తా, ముందు వరసలో కూర్చుంటా," అన్నాడతను. అతనికి భయమంటే ఏమిటో తెలియదు. పదో అంతస్తు లిఫ్టు గొయ్యిలోకి తొంగి చూస్తూ ఈల వేసే మనిషి.

"నువ్వొస్తే నన్ను చంపినట్టే."

"సరే సరే, ముందు వరసలో కూర్చోనులే."

రానని అతను అనలేదన్న సంగతి ఆ కంగారులో ఆమె గమనించలేదు.

ఆ సాయంత్రం చంటి షెడ్డు తలుపు గడియ వేసి, బస్తాల వెనక దాచిన వాటిలోంచి ఒక కాపీ తీసింది. అంటుకట్టే కత్తితో పని మొదలుపెట్టింది. నూట ఎనభై పేజీల నవల్లో తల్లి కనిపించే పేజీలు అరవై రెండు. అన్నింటినీ మొదలు దగ్గర నుంచి సన్నగా కోసేసింది. కత్తి పుస్తకం మీద ఆడుతున్నా ప్రాణం మాత్రం అరచేతిలో ఉంది. ముద్దుల సీన్లు రెండున్నాయి, వాటినీ కోద్దామా అనుకుంది. మరీ పలచనైపోతే అనుమానం వస్తుందని వదిలేసింది.

ఆదివారం పొద్దున్న అమ్మ కళ్లజోడు పెట్టుకుని నవల పట్టుకుంది. చంటి పది అడుగుల దూరంలో మల్లెతీగకు కర్ర కడుతూ, ఒక్క ముడి కూడా సరిగ్గా వెయ్యలేక తంటాలు పడుతోంది.

"ఏమే, ముప్ఫై ఎనిమిది తరవాత యాభై ఒకటేంటి?"

"అది... కొత్త పద్ధతి అమ్మా. ఈమధ్య నవలల్లో పేజీలు అలా దూకుతుంటాయి."

అమ్మ కళ్లజోడు పైనుంచి ఒకసారి చూసింది. "తెలుసులే," అని తిప్పింది. మధ్యాహ్నానికి పూర్తి చేసి, "ఈ పిల్ల ఆరు నెలలకోసారి పైకి ఎందుకొస్తుందో అర్థమైందా నీకు? గాలి కోసం. కింద ఉక్కపోత కదా," అని వివరించింది కూడా. చంటి ఏడవాలో నవ్వాలో తెలియక తల ఊపింది.

నాలుగింటికి షాపులో నలభై మంది. బోర్డు చూసి నిన్న సాయంత్రమే కాపీలు కొనుక్కుని, రాత్రికి రాత్రే చదివి వచ్చినవాళ్లు. అమ్మ లేచి నిలబడింది. పైపు పట్టే చేత్తో మైకు పట్టుకుంది.

"చూడండీ, ఈ కథలో పిల్లకి వచ్చిన కష్టమంతా ఒక్కటే. దానికి తల్లి లేదు."

జనం ఒక్క క్షణం ఆగి, గొల్లున నవ్వారు. ఆ నవల్లో తల్లి ఊపిరి ఆడనివ్వదని అందరూ చదివే వచ్చారు. అమ్మకు హుషారొచ్చింది.

"నవ్వకండి! తల్లంటూ ఒకతి ఉంటే, పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మంచి మాటలు చెప్పదూ? అడ్డంగా నిలబడుతుందా ఏ తల్లయినా?"

ఈసారి షాపాయన నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. "ఎత్తిపొడవడమంటే ఇదండీ, అమ్మగారూ! ఇక ఆ తల్లి మాటలు మీ గొంతుతో ఒక్కసారి వినిపించాలి. ఇదిగో, నలభై మూడో పేజీ," అంటూ తన కాపీ తెరిచి చేతికిచ్చాడు.

నలభై మూడో పేజీ! చంటి పై ప్రాణాలు పైనే పోయాయి.  ‘ఏ తల్లి?’ అని అడగడం అమ్మకు చేతకాదు కదా. "ఇటివ్వండి," అని అందుకుంది.

"ఎండలో తిరక్కు," అని మొదలుపెట్టింది. "నీడలో కూర్చోకు. నా కళ్ల ముందుండు." ఆ తర్వాతి వాక్యానికి ఆమెకు పుస్తకం చూడాల్సిన అవసరం కలగలేదు. "నాకు అడ్డం రాకు." అని, అక్కడ ఆగిపోయింది.

షాపంతా చప్పట్లతో దద్దరిల్లింది. అమ్మ తల ఎత్తి, నలభై మంది మీదుగా సూటిగా కూతురి వైపు చూసింది.  చప్పట్లు ఆగాయి. చివరి వరసలో ఒక్కడు మాత్రం ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. పని మీది నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, నూనె మరకల చొక్కా, జేబులో స్క్రూడ్రైవరు, ఎడమ కనుబొమ మీద చిన్న గాటు. నవల్లో పాతాళ రాజు కనుబొమ మీద గాటు ఎక్కడుందో పొద్దున్నే చదివిన అమ్మ, వేలు పెట్టి చూపిస్తూ మైకులోనే అడిగేసింది.

"నువ్వేనా ఆ పాతాళం?"

అతను లేచి నిలబడ్డాడు. "అవునండీ. రెండో బేస్‌మెంట్ అండీ," అన్నాడు.

 అమ్మ షాపాయన కాపీని చంకలో పెట్టుకుని వీధి దాటి వచ్చేసింది. నర్సరీలో ఆకుపచ్చ వల నీడన కుర్చీ వేసుకుని, ఈసారి నూట ఎనభై పేజీలూ చదవడం మొదలుపెట్టింది. నీళ్లు పట్టే వేళ దాటిపోయింది. అమ్మ కుళాయి తిప్పలేదు, తిప్పే ధైర్యం చంటికి లేదు. క్రోటన్ల ఆకులు వాలిపోతున్నాయి. గేటు బయట మెకానిక్ ఇందాకటి నుంచి నిలబడే ఉన్నాడు. ఇరవై ఏళ్లలో ఇలాంటి సాయంత్రం చంటి ఎరగదు. అమ్మ తిడితే బాగుండునని మొదటిసారి అనిపించింది ఆమెకు.

చివరికి అమ్మ పుస్తకం మూసింది. "ఇదంతా నేనేనా?"

"నువ్వేనమ్మా."

"ఇంత భయపెట్టానా నిన్ను?"

చంటికి ఏడుపు ఆగలేదు. "తిడతావని కాదమ్మా భయం. వద్దంటావని. నువ్వు వద్దంటే నేను కాదనలేను. అతను లేకుండా ఉండనూ లేను. ఏం చెయ్యను మరి?"

అమ్మ కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచింది. "అరవై పేజీలు రాశావు నా మీద. నువ్వు గేటు దాటిన ప్రతిసారీ, ఇక తిరిగి రావేమోనని నాకెంత భయమేస్తుందో ఒక్క పేజీలో కూడా రాయలేదు."

"నాకు తెలీదమ్మా."

"నాకూ తెలీదే, ఇవాళ చదివేదాకా," అంది అమ్మ. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. చంటి దగ్గరికెళ్లి ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది. అమ్మ కాసేపు జుట్టు నిమిరి, గొంతు సవరించుకుంది.

"అది సరే గానీ, ఇదేం ముగింపే? పిల్ల ఆరు నెలలు కింద ఉంటుందట, తల్లి సరేనందట. నేనైతే చచ్చినా ఒప్పుకోను."

చంటి తల ఎత్తింది. 

"ఆ అబ్బాయినే పైకి రమ్మను. మేడ మీద గది ఖాళీగానే ఉంది. పొద్దున్నే వెళ్లి లిఫ్టులు బాగుచేసుకుంటాడు, పొద్దు గూకేసరికి ఇంటికొస్తాడు. పన్నెండు నెలలూ ఇక్కడే. చూడు, బేస్‌మెంట్‌లో ఉండి ఉండి ఎలా పాలిపోయాడో!" అని గేటు వైపు తిరిగి కేక వేసింది. "ఏం నాయనా, అలా గుంజలా నిలబడతావా, లోపలికొస్తావా? ముందు ఆ పైపు పట్టుకో. క్రోటన్లు వాడిపోతున్నాయి."

అతను పరుగున వచ్చి పైపు అందుకున్నాడు. "పెళ్లి ఎప్పుడు పెట్టుకుందామండీ?" అన్నాడు నవ్వుతూ.

"వేళ్లకి పట్టు, ఆకుల మీద కాదు. అంత ధారగానా? మరీ అంత సన్నగానా? నా కళ్ల ముందుండి పట్టు. అబ్బ, వెలుతురుకి అడ్డం రాకు!"

అతని నవ్వు మెల్లగా ఆగిపోయింది. సాయం చెయ్యమన్నట్టు చంటి వైపు చూశాడు. ఆమె హాయిగా, ఏడాది తర్వాత మొదటిసారి, చక్కగా ఊపిరి పీల్చుకుంటోంది.

ఏడాదిగా ఆమెను పట్టుకున్న భయం ఆ సాయంత్రం వదిలిపోయింది. ఎంతో దూరం పోలేదు, పైపు పట్టుకున్నవాడి దగ్గరికే చేరింది.