నలభై అయిదు వాట్ల అత్తయ్య

మా పక్కింటావిడ ఎదురింటావిడతో అందట: "వాళ్లింట్లో గొడవలట వదినా! ఆయన మకాం బస్సులోకి మార్చేశాడట. కాఫీ కూడా కిటికీలోంచే అందిస్తున్నారట!" ఎదురింటావిడ ఆ మాట మా ఆవిడ చెవిన వేసింది. మా ఆవిడ నాకు చెప్పింది. నా దాకా వచ్చేసరికి అందులో నాకు విడాకులు కూడా అయిపోయాయి.

గొడవలు అబద్ధం. కాఫీ మాట నిజం.

అసలు సంగతేంటంటే, ఒక బడివాళ్లు అమ్మేసిన పాత మినీబస్సు కొన్నాను. సీట్లు పీకించి మంచం వేయించాను. చిన్న గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, ఒక పొడుగు బల్ల సీటు. లోకం దాన్ని మోటార్ హోమ్ అంటుంది. మా ఇంట్లో దాని పేరు బస్సిల్లు. మా ఆవిడకి ఇంటి ముందు గదిలోనే కుట్టు షాపుంది కాబట్టి కర్టెన్లు ఆవిడే కుట్టింది. కొలతలు నేనే ఇచ్చాను. అందుకే ఒక కర్టెను కిటికీ దాటి పొయ్యి దాకా వచ్చింది.

బండి నడిపేది కూడా ఆవిడే. నేను లైసెన్సు పరీక్షకి రెండుసార్లు వెళ్లాను. రెండోసారి పరీక్ష పెట్టే ఆయన మధ్యలో దిగి, నడిచి ఆఫీసుకి వెళ్లిపోయాడు.

పెళ్లయి ఇరవై రెండేళ్లు. మూడో మనిషి లేకుండా మేమిద్దరమే కలిసి వెళ్లిన ప్రయాణం ఇప్పటిదాకా ఒక్కటే. పళ్ల డాక్టరు దగ్గరికి. అదీ పీకించుకున్న పన్ను నాది. ఇప్పుడు పిల్లలిద్దరూ హాస్టల్లో ఉన్నారు. పది రోజులు, కొండలెక్కి దిగి సముద్రం దాకా, నేనూ ఆవిడా. ఇదీ నా కోరిక. తప్పంటారా?

"అమ్మ కూడా వస్తుంది," అంది మా ఆవిడ, పంటితో దారం తెంపుతూ.

దారం తెంపుతూ అన్న మాట మీద మా ఇంట్లో అప్పీలు లేదు.

మా అత్తయ్య సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. "ముందుకు జరగండి" అందంటే ఇప్పటికీ వీధిలో వాళ్లు రెండడుగులు జరుగుతారు. మంచి మనిషే. నాకు ఆవిడ మీద కోపమేమీ లేదు. పది రోజులు లేకపోతే చాలు, అంతే.

వద్దని నోటితో అనే ధైర్యం నాకు లేదు. అందుకని ఫిజిక్స్ చేత అనిపిద్దామనుకున్నాను.

నేను కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుని. అంటే పాఠం చెప్పేవాణ్ని కాదు, పాఠం అయ్యాక వైర్లు చుట్టి పెట్టేవాణ్ని. అయినా పాతికేళ్లు వైర్లు చుట్టినవాడికి ఆ మాత్రం తెలివి ఉండదా? బస్సిల్లుకి ఇంకా కరెంటు లేదు. ఇన్వర్టరూ బ్యాటరీ కొనాలి. ఎంత చిన్నవి కొంటే అత్తయ్య సామాన్లు అంత నడవవు. సామాన్లు నడవకపోతే ఆవిడే రానంటుంది. పాపం నాకు అంటదు.

గ్రాఫు కాగితం మీద పట్టిక గీశాను. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"అమ్మ టేబుల్ ఫ్యాను నాలుగొందల వాట్లా?"

"స్విచ్చి వేసినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. దాన్ని మూడుతో హెచ్చవేశాను కూడా."

"అంటే పన్నెండొందలు. అది ఫ్యానా, విమానమా?"

"సైన్సు."

"మోకాళ్లకి పెట్టుకునే వేడి పట్టీ పదిహేనొందలు. ఆ వేడికి అమ్మ ఉడికిపోదూ?"

"సైన్సు అలాగే ఉంటుంది మరి."

"మరి మీ సామాన్లు?"

"ఒక బల్బు, ఒక ఫోను. మొత్తం పదిహేను వాట్లు."

మా ఆవిడ కళ్లజోడు తీసి, నన్ను తలనుంచి కాలిదాకా ఓసారి చూసింది. గుడ్డ ఎంత పడుతుందో చూసే చూపు అది.

సాయంత్రం ఇద్దరం బ్యాటరీల షాపుకి వెళ్లాం. షాపాయన్ని అందరూ వోల్టేజి బాబాయి అంటారు. గోడల నిండా తీగలు, బల్ల మీద విప్పేసిన ఇన్వర్టర్లు, మధ్యలో ఆయన. నా పట్టిక ఇచ్చి, "పెద్దవారు, మీరే చెప్పండి బాబాయి, ఇంత లోడు మన బండి మోస్తుందా?" అన్నాను దీనంగా.

ఆయన చదివి, ఆ కాగితాన్ని మడిచి, ఊగుతున్న స్టూలు కాలి కింద పెట్టాడు. స్టూలు ఊగడం మానేసింది.

"చూడబ్బాయ్! బ్యాటరీ అంటే గాదె. ఇన్వర్టరు ఆ గాదె తలుపు. గాదెలో ఎంత ఉంటే అన్నాళ్లు తింటావు. తలుపెంత వెడల్పుంటే ఒక్కసారికి అంత బయటికొస్తుంది. ఈ రెండూ కాగితం చూసి కొనేవి కావు. డాక్టరు ముందు ప్రతివాడూ చుట్ట మానేశాననే అంటాడు."

ఆయన పద్ధతి వేరు. ముందు అమ్మడు. ఒక బ్యాటరీ, ఒక ఇన్వర్టరు, చిన్న మీటరు ఒకటి ఊరికే ఇచ్చి పంపిస్తాడు. వెళ్లేవాళ్లందరూ బండిలో ఒక పగలంతా ఉండి చూడాలి. ఎవరు ఏ ప్లగ్గు పెట్టినా మీటరు చూసి వాళ్ల పేరు మీద రాయాలి. ఆ చీటీలు తెస్తేనే బేరం.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. "ఉన్నవాటిలో చిన్నది ఇవ్వండి బాబాయి!" అన్నాను. వంద ఆంపియర్ల మామూలు బ్యాటరీ, వెయ్యి వాట్ల ఇన్వర్టరు ఇచ్చాడు. మధ్యాహ్నానికల్లా అత్తయ్య దీన్ని పడుకోబెడుతుందని నా లెక్క.

ఆదివారం ఉదయం ఏడింటికి అత్తయ్య ఒక గుడ్డసంచీతో బస్సెక్కింది. ఎక్కగానే కిటికీ పక్క బల్ల సీటు మీద కూర్చుని, అద్దం పక్కకి జరిపి, వీధిని ఓ పది నిమిషాలు అలా చూస్తూ ఉండిపోయింది.

"ఏంటమ్మా చూస్తున్నావు? మన వీధేగా," అంది మా ఆవిడ.

"ముప్పై ఏళ్లు బస్సులో నిలబడే తిరిగానే. జనం మొహాలే గాని దారి ఎలా ఉంటుందో చూసిందెప్పుడు?"

పోనీ ఆవిడా రానీ అనిపించింది ఒక్క క్షణం. వెంటనే సముద్రాన్ని తలుచుకుని సర్దుకున్నాను.

అత్తయ్య సంచీలోంచి పాత టికెట్ల పుస్తకం తీసింది. చెవి మీద పెన్సిలు పెట్టింది. "రాయడం నా పని. ప్లగ్గు పెట్టినవాళ్లు టికెట్టు తీసుకోవాలి. మా అల్లుడైనా సరే, మంత్రిగారైనా సరే."

మొదటి టికెట్టు నాదే. ఏం చెయ్యను, పొద్దున్నే కాఫీ పడకపోతే నాకు కళ్లు తెరుచుకోవు. కళ్లు తెరవకుండా గ్యాసు పొయ్యి వెలిగించలేను గదా, కరెంటు కెటిల్ పెట్టాను. పదిహేనొందల వాట్లు. ఇన్వర్టరు కుయ్యోమని అరిచి ఆగిపోయింది. నేను కిటికీలోంచి వంటింటి వైపు చెయ్యి చాపాను. మా ఆవిడ దిగి ఇంట్లోకి వెళ్లి కాచిన కాఫీ వచ్చింది. పక్కింటావిడ గోడ మీంచి చూసి తల పంకించింది.

"కెటిల్, ఒకటి," అని అత్తయ్య టికెట్టు చింపింది.

"నడవలేదు కదా అత్తయ్యా!"

"బస్సు చెడిపోతే టికెట్టు చెల్లకుండా పోతుందా?"

తరవాత కరెంటుతో తిరిగే పళ్ల బ్రష్షు. పన్ను పీకించుకున్నాక డాక్టరు అదే వాడమన్నాడు. టికెట్టు. లాప్‌టాప్. టికెట్టు. నడుముకి కట్టుకునే మసాజు బెల్టు. టికెట్టు. తలస్నానం చేశాను గదాని డ్రయ్యరు తీసి, మంచం చాటున కూర్చుని, చప్పుడు వినపడకుండా దుప్పటి కప్పుకుని పెట్టుకున్నాను. దుప్పటి బుడగలా ఉబ్బింది.

దుప్పటి అంచు లేచింది. అత్తయ్య మొహం కనిపించింది. "టికెట్టు?"

"ఇప్పుడే తీసుకుందామని..."

"అందరూ అదే అంటారు. ఎనిమిదొందల వాట్లు. ఏమే, ఈయనకున్న నాలుగు వెంట్రుకలకి తలా రెండొందలు పడిందే!"

మా ఆవిడ నవ్వాపుకోలేక కర్టెనులో మొహం దాచుకుంది. పొయ్యి దాకా వచ్చిన కర్టెను అలా ఒకందుకు పనికొచ్చింది.

పదిన్నరైంది. నా ముందు టికెట్లు చిందరవందరగా ఉన్నాయి. అత్తయ్య ఇంకా ఒక్క ప్లగ్గూ పెట్టలేదు. నాకు కంగారు పుట్టింది.

"ఉక్కగా లేదూ అత్తయ్యా? ఫ్యాను పెట్టుకోండి. ఫుల్లుగా పెట్టండి, మొహమాటపడకండి!"

పెట్టింది. మీటరు మీద నలభై అయిదు వాట్లు.

"మోకాళ్లు నొప్పిగా ఉన్నాయేమో. పట్టీ పెట్టుకోండి!"

పెట్టింది. అరవై. పావుగంటకి తీసేసి, "చాలు. ఇవాళ ఏంటో అల్లుడుగారికి నా మీద ఇంత ప్రేమ!" అంది.

"రేడియో?"

"ఇది సెల్లులతో పాడుతుంది."

"వేడినీళ్లు?"

ఆవిడ సంచీలోంచి ఫ్లాస్కు తీసి చూపించింది.

ఇక ఫిజిక్స్‌ని నమ్ముకుంటే లాభం లేదనిపించింది. ఇంట్లోకి వెళ్లి, మా ఆవిడ షాపులోంచి ఇస్త్రీపెట్టె తెచ్చాను. అత్తయ్య సీటు వెనక ఒక ప్లగ్గుంది. ఇస్త్రీపెట్టెని సీటు కింద నిలబెట్టి, ఆ ప్లగ్గుకి తగిలించి, ఏమీ ఎరగనట్టు పత్రిక చదువుతూ కూర్చున్నాను. ఏడొందల యాభై వాట్లు, అత్తయ్య సీటు లెక్కలో. బ్యాటరీ పడిపోతే ఆ పేరు ఆవిడకే.

ఇరవై నిమిషాలు హాయిగా గడిచాయి. ఇంతలో అత్తయ్య కాళ్లు జాపుకుంది. ఇస్త్రీపెట్టె పక్కనున్న నా సంచీ మీద బోర్లా పడింది. ఆ సంచీలో ప్రయాణానికి కొత్తగా కుట్టించుకున్న నా రెండు ప్యాంట్లున్నాయి.

పొగ.

"హోల్డాన్!" అని అత్తయ్య అరిచిన అరుపుకి వీధి చివర రిక్షా ఆగిపోయింది. "తోసుకోకండి! వరసగా దిగండి! ఆడవాళ్లు ముందు!" బస్సులో ఉన్నది మేం ముగ్గురమే అయినా వరసగానే దిగాం. దిగినవాణ్ని ఊరుకోవచ్చా? ప్లగ్గు పీకాలని మళ్లీ ఎక్కి, సీటు కింద దూరాను. పీకి లేస్తున్నానో లేదో, "పాపం, నిప్పంటించుకున్నాడమ్మా!" అన్న కేక వినపడింది. దాంతోపాటు కాఫీ వచ్చే కిటికీలోంచే ఒక బక్కెట్టు నీళ్లు వచ్చాయి. పక్కింటావిడ గురి చాలా మంచిది. ఒక్క చుక్క పక్కన పడలేదు.

ఆ మూల ఇన్వర్టరు ఓపిక చచ్చి సన్నగా కూసి ఆగిపోయింది. పదకొండూ నలభై.

అత్తయ్య ఇస్త్రీపెట్టెని రెండు వేళ్లతో పైకెత్తి, "ఈ సామాను ఎవరిది?" అంది.

నేను తుమ్మాను. అదే సాక్ష్యం అయిపోయింది. ఇంకో టికెట్టు చిరిగింది.

మర్నాడు సాయంత్రం ముగ్గురం బాబాయి షాపుకెళ్లాం. ఆయన చీటీలు మూడు కట్టలుగా పేర్చాడు. మా ఆవిడవి రెండు. అత్తయ్యవి రెండు. మూడోది కట్ట కాదు, దిండు.

కాసేపు పెన్సిలుతో గీకి, మా ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మాయ్, మీ తల్లీకూతుళ్లకైతే వంద ఆంపియర్ల బ్యాటరీ ఒకటి, మూడొందల వాట్ల ఇన్వర్టరు చాలు. రాత్రంతా ఫ్యాను తిరుగుతుంది, దీపాలు వెలుగుతాయి. పైకప్పు మీద ఒక్క సోలార్ పలక వేస్తే పగలు మళ్లీ నిండుతుంది. ఎన్నాళ్లు తిరిగినా మీ ఇష్టం. రేపే బిగించేస్తాను."

"మరి ఈయన కూడా వస్తే?"

"మూడు బ్యాటరీలు. రెండు వేల వాట్ల ఇన్వర్టరు. పైకప్పు నిండా పలకలు. తెప్పించడానికే నెల. అవి పెట్టడానికి చోటు కావాలంటే మంచం తీసెయ్యాలి."

"మంచం తీస్తే పడుకునేదెక్కడ?" అన్నాను.

"పడుకునే తీరికెక్కడ నీకు? ఇవన్నీ వాడాలిగా!"

మేం బయల్దేరేది ఈ శుక్రవారమే. ఆవిడ షాపుకి సెలవు బోర్డు కూడా రాసేసింది.

"డ్రయ్యరు మానేస్తాను," అన్నాను.

"బ్రష్షు?" అంది మా ఆవిడ.

"అది డాక్టరు చెప్పింది కదా..."

"నడుం బెల్టు?"

"నడుం నాదే కదా..."

"కెటిల్?"

పొద్దున్నే కాఫీ లేని సముద్రాన్ని ఊహించుకున్నాను. కెరటాలు వస్తున్నాయి, పోతున్నాయి, నాకు కళ్లు తెరుచుకోవడం లేదు. మానేస్తానని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు తెరిచాను. తల దానంతటదే అడ్డంగా ఊగింది.

మా ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని, "ఆ చిన్నదే బిగించండి బాబాయి," అంది.

"అయితే మరి నేనో?" అన్నాను, ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తూ.

అత్తయ్య తన రెండు టికెట్లూ జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టుకుంది.

"మీరు ఇంట్లో ఉండండి అల్లుడుగారూ. ఇంటికి కరెంటుంది."