వంటిల్లు అంటించింది

అనూష అంట్లు తోమడం అయిపోవస్తోంది. చివరి గిన్నె బోర్లించాక ఏం చేయాలో రాత్రే అనుకుంది. సముద్రానికి దగ్గరి ఊరు కావడంతో ఆ ఇంటి గోడలు చెమ్మ పీల్చి పెచ్చులూడుతుంటాయి. ఊడని చోట మసి. సున్నం వేయించమన్నప్పుడల్లా ఆమె భర్త గిరిబాబు రొయ్యలు అమ్మినాక చూద్దామంటాడు. రాత్రి మళ్లీ అడిగితే, "కూర బాగుంటే చాల్లే, గోడలతో నీకేం పని?" అన్నాడు.

"అయితే ఆ వంటింటి సంగతి నేనే చూస్తా," అంది అనూష. పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో తనకు నచ్చినట్టు చేసుకున్నది ఒక్కటీ లేదు. ఒక్క గోడైనా తనదిగా ఉండాలనుకుంది.

గిరిబాబు తెల్లారే రొయ్యల గుంటకు వెళ్లిపోయాడు. బిట్రగుంట బజారులో కొని మంచం కింద దాచిన స్టిక్కర్ పేపర్ చుట్టలను అనూష బయటికి తీసింది. తెల్ల కాగితం మీద నీలం పూలు. వెనక పొర లాగితే జిగురు. గోడ గీకింది, తుడిచింది, ఆరనిచ్చింది. పైనుంచి కిందికి, బుడగలు రాకుండా పాత చీర ముక్కతో ఒత్తుకుంటూ అంటించింది. మిగిలిన ముక్కలు పారేయడానికి మనసొప్పక పక్క గదిలో బీరువా తలుపుకూ, గ్యాస్ సిలిండరుకూ అంటించింది.

అత్త ఆదిశేషమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. పూలు బాగానే ఉన్నాయి. తననడక్కుండా చేయడమే బాగాలేదు. సెల్లు పట్టుకుని వాకిట్లోకి పోయి కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరే అబ్బయ్యా, నీ పెళ్లాం వంటిల్లంతా అంటించేసిందిరా."

గుంటలో నీళ్లు చిలికే ఏరియేటర్లు హోరెత్తుతున్నా గిరిబాబుకు ఆ మాట స్పష్టంగానే వినబడింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఏందమ్మా నువ్వనేది? అంటుకుందా?"

"ఎందుకంటుకోదు? గోడలకంతా బాగా అంటుకుంది. రాత్రి చెప్పింది గదా, వంటింటి సంగతి చూస్తానని. చూసేసింది."

"సిలిండరు?"

"దానిక్కూడా అంటించింది. నేను చెప్తే వింటదా?"

"బీరువా? పొలం కాగితాలు దాంట్లోనే ఉండాయి."

"తలుపుకు అంటుకుంది. లోపలికింకా పోలేదు."

"బర్రె యాడుంది?"

"బర్రెకెందుకంటిస్తదిరా, పిచ్చోడా? కొట్టంలో ఉండాది."

"ముందు నువ్వు బయటికి రా."

"నేను బయటే ఉండా, నాకెందుకొచ్చింది. అదే లోపల ఇంకా అంటిస్తా ఉంది."

గిరిబాబు ఇంకో మాట అడిగి, జవాబు విని, ఫోన్ పెట్టేశాడు.

రొయ్యల కోసం సముద్రపు నీళ్లు తెచ్చిన ట్యాంకరు అప్పుడే గట్టు మీదికి వచ్చింది. దాన్నలాగే ఊళ్లోకి తిప్పించాడు. గుంటల దగ్గరి జనం మోటారుసైకిళ్ల మీద వెనకే బయల్దేరారు. దారిలో అడిగినవాళ్లందరికీ ట్యాంకరు నడిపే ఓబులేసు, "గిరన్న పెళ్లాం ఇల్లు అంటించింది," అని చెప్పుకుంటూ వచ్చాడు. వీధి మలుపు తిరిగేసరికి అది, అత్తను లోపల పెట్టి అంటించిందని అయింది. ఆదిశేషమ్మ కోసం ఏడ్చుకుంటూ వచ్చిన ఎదురింటి ఎలిశబెతుకు వాకిట్లో ఆదిశేషమ్మే ఎదురైంది.

"ఎవురు పోయినారే?" అని అడిగింది.

ఎలిశబెతు ఏడుపు ఆపి, "ఎవురూ పోలేదంటనే అక్కా," అని ఒక పక్కన నిలబడింది.

పొగ ఎందుకు లేదని ఎవరికీ తోచలేదు. ఓబులేసు వంటింటి కిటికీలోంచి గొట్టం పెట్టి మోటారు వేశాడు. లోపల స్టూలెక్కి చివరి కాగితం ఒత్తుతున్న అనూష నీళ్ల దెబ్బకు కిందపడింది. తడిసిన పెచ్చులతో సహా పూలన్నీ గోడల నుంచి ఊడి వచ్చాయి. బియ్యం డబ్బాలో ఉప్పునీళ్లు నిండాయి.

గిరిబాబు ఆమె పక్కనుంచే పరుగెత్తి బీరువా దగ్గరికి పోయాడు. తలుపు మీద నీలం పూలు చూసి ఆగాడు.

"ఏందిది?"

"స్టిక్కర్," అంది అనూష లేచి నిలబడుతూ.

"అంటించినావంట గదా?"

"అంటించినా. జిగురుతో."

కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. "ఉప్పునీళ్లు వదినా, మంచినీళ్లతో కడుక్కోండి మళ్లా," అన్నాడు ఓబులేసు గొట్టం చుట్టుకుంటూ.

అందరూ తనవైపు చూసేసరికి ఆదిశేషమ్మకు రోషం వచ్చింది. "నేనేమన్నా అబద్ధం చెప్పినానా? వాడడిగిన దానికల్లా జవాబు చెప్పినా. గోడలడిగినాడు, సిలిండరడిగినాడు, బీరువా అడిగినాడు. బర్రెను గూడా అడిగినాడు."

"మరి నా సంగతి అడిగినారా అత్తా?"

ఆదిశేషమ్మ నిజాయితీగానే గుర్తు చేసుకుంది. "ఆ, అడిగినాడు. బీరువా తాళాలు నీ దగ్గరే ఉండాయా అని."

నవ్వులు ఆగిపోయాయి. గిరిబాబు, "ఆ గాబరాలో..." అని మొదలుపెట్టాడు. తర్వాత చుట్టూ చూసి, "ఈ చెత్తంతా ఎవురు ఊడ్చాలిప్పుడు?" అన్నాడు.

అనూష నడుముకున్న తాళాల గుత్తి తీసి అతని చేతిలో పెట్టింది. గడపలో చెప్పులు వేసుకుంది. తడి చీరతోనే ట్యాంకరు పక్కనుంచి, బిట్రగుంట ఆటోలు ఆగే వైపు నడిచి వెళ్లిపోయింది.

గోడల మీద ఒక్క పువ్వూ మిగల్లేదు. సిలిండరుకు మాత్రం బాగా అంటుకుంది.